బ్లాక్ కోసే ముందు చైన్ పళ్ళు చూడండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత టూ స్ట్రోక్ బళ్ళను కొండదారులకు తయారు చేసుకోవడం గురించే వచ్చాయి. విజయనగరంలో నేను షెడ్డు పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ బళ్ళ తయారీ ఆగిపోయినా వీటి మీద మన కుర్రాళ్ళకున్న ప్రేమ తగ్గలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

మందస నుంచి ఒక పాఠకుడు: గురువుగారూ, మా మేనమామ దగ్గర 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 తీసుకున్నాను. జీడితోటల్లోంచి మహేంద్రగిరి వైపు వెళ్ళే మట్టిదారుల్లో తిప్పాలని ఆశ. బ్లాక్ పోర్టింగ్ చేసి, సైలెన్సర్ లోపలి గొట్టం తీసేస్తే బండి ఎగిరిపోతుందని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. పదిహేను వేలు పెట్టగలను. చేయించమంటారా?

వద్దు బాబూ. ఆ డబ్బు నీ బండికే పెట్టు, బ్లాక్ (పిస్టన్ ఆడే సిలిండర్) మీద మాత్రం ఆకురాయి పడనివ్వకు.

నీ బండి 98 సీసీ. బోరు (సిలిండర్ వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లే. కంపెనీ చెప్పిన 11 హార్స్ పవర్ 7,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. జీడితోట గట్టెక్కి, రాళ్ళ మధ్య సందు వెతుక్కుంటూ వెళ్ళేటప్పుడు నీ ఇంజిన్ అందులో సగం కూడా తిరగదు. నీకు పుల్లింగ్ కావలసింది అక్కడ, కింది ఆర్‌పీఎంలో. పోర్టింగ్ అంటే మన వైపు షెడ్లలో ఎక్కువగా చేసేది ఎగ్జాస్ట్ కిటికీ (బ్లాక్‌లోంచి పొగ బయటికి పోయే రంధ్రం) పై అంచును పైకి కోయడం. దాంతో కిటికీ ముందుగా తెరుచుకుని ఎక్కువసేపు తెరిచే ఉంటుంది. ఇంజిన్ బాగా రేసెక్కినప్పుడు అది లాభం. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం మంట పిస్టన్‌ను నెట్టాల్సిన బలం మధ్యలోనే బయటికి పోతుంది. కోసిన లోహాన్ని మళ్ళీ అతికించలేం.

ఇది చూసి నేర్చుకున్న సంగతి. 1999లో మెంటాడ వైపు నుంచి ఒక కుర్రాడు ఇలాగే అడిగితే, నా చేత్తోనే ఎగ్జాస్ట్ కిటికీని రెండు మిల్లీమీటర్లు పైకి కోశాను. రింగ్ రోడ్డు మీద ట్రయల్ వేస్తే బాణంలా వెళ్ళింది, ఇద్దరం పొంగిపోయాం. పది రోజుల తర్వాత ఆండ్ర డ్యామ్ దారిలోంచి బండిని ఆటోలో వేసుకుని వచ్చాడు. గట్టు ఎక్కాలంటే హాఫ్ క్లచ్‌లో రేస్ చేయక తప్పలేదట. క్లచ్ ప్లేట్లు మాడిపోయి కమురు వాసన కొడుతున్నాయి. వేరే బ్లాక్ నా డబ్బుతో కొని వేశాను. ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదు కానీ, ఆ రెండు మిల్లీమీటర్లు నాకు ఇప్పటికీ గుర్తే.

సైలెన్సర్ సంగతీ అంతే. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఇంజిన్‌లో భాగం. పొగ బయటికి కొట్టినప్పుడు పుట్టే ఒత్తిడి అల, గొట్టంలో వెడల్పు మారే చోటల్లా వెనక్కి తిరుగుతుంది. సరైన వేళకు తిరిగొస్తే, బయటికి జారిపోతున్న కొత్త పెట్రోలు గాలిని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో రేసు బళ్ళలో దీన్ని సాధించి చూపించాడు. గొట్టం పొడుగు ఉంటే కింది ఆర్‌పీఎంలో, పొట్టి అయితే పై ఆర్‌పీఎంలో ఆ అల అందుతుంది. లోపలి గొట్టం పీకేస్తే ఈ లెక్క చెడుతుంది, మిక్స్చర్ పలచనవుతుంది (గాలికి తగినంత పెట్రోలు ఉండదు), ఊరందరికీ చెవులు గింగురుమంటాయి. శబ్దం పెరిగింది కాబట్టి బలం పెరిగిందని మనకు అనిపిస్తుంది, అంతే.

మరి ఏం చేయాలి? మొదట చైన్ తిరిగే పళ్ళ చక్రం (స్ప్రాకెట్) మార్చు. లెక్క కోసం ముందువైపు పళ్ళ చక్రానికి 14 పళ్ళు, వెనక దానికి 42 అనుకుందాం. నిష్పత్తి 3. ముందు ఒక్క పన్ను తగ్గించి 13 వేస్తే 3.23 అవుతుంది, అంటే వెనక చక్రం దగ్గర లాగే బలం ఏడెనిమిది శాతం పెరిగినట్టు. అదే తేడా వెనక వైపు తేవాలంటే మూడు పళ్ళు పెంచాలి, చైన్ కూడా పొడుగుది కావాలి. ముందువైపు చిన్న పళ్ళ చక్రం ఖరీదు తక్కువ, నచ్చకపోతే గంటలో పాతది పెట్టేసుకోవచ్చు. పైన స్పీడు కొంత పోతుంది. జీడితోటలో నీకు దాంతో పనేముంది?

తర్వాత టైర్లు. గుబ్బల టైరు వెనక ఒకటి వేసినా తేడా తెలుస్తుంది. మట్టిలోకి దిగేముందు గాలి కొంచెం తగ్గించు, రాళ్ళుంటే మరీ తగ్గించకు, ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. ఇంజిన్ కింద ఒక ఇనప రేకు కట్టించు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి, బాగా పిండి పెట్టు. ఫిల్టర్ డబ్బాకు ఎక్కడా సందు ఉండకూడదు. టూ స్ట్రోక్‌లో గాలి ముందు పిస్టన్ కింద ఉన్న క్రాంకు గదిలోకి వెళ్ళి, తర్వాతే పైకి వస్తుంది. ఎర్రమట్టి దుమ్ము లోపలికి వెళ్తే పిస్టన్‌తో పాటు క్రాంకు బేరింగులూ పోతాయి. ఇవన్నీ చేయించినా నీ పదిహేను వేలల్లో మిగులుతుంది. ఆ మిగిలినదానితో మంచి హెల్మెట్, మోకాలి గార్డులు కొనుక్కో.

ఎస్.కోట నుంచి ఒక పాఠకుడు: అరకులో నా బండి బుడబుడమంటుంటే అక్కడి మెకానిక్ మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) చిన్నది వేశాడు, వెంటనే బ్రహ్మాండంగా లాగింది. మర్నాడు అనంతగిరి ఘాట్ దిగి, బొడ్డవర దాటాక తిన్నని రోడ్డు మీద ఫుల్ యాక్సిలేటర్ ఇచ్చాను. వెనక చక్రం కిర్రుమని ఆగిపోయింది. పిస్టన్ ఫొటో పంపుతున్నాను. ఆయిల్ నాసిరకమా?

మీకు దెబ్బలేమీ తగల్లేదని చివర్లో రాశారు. అది చూశాకే స్థిమితంగా ఫొటో చూశాను. గీతలన్నీ ఎగ్జాస్ట్ వైపే ఉన్నాయి. మిక్స్చర్ పలచనై వేడెక్కి పట్టేసిన పిస్టన్ ఇలాగే ఉంటుంది. చల్లటి ఇంజిన్‌ను వెంటనే రేస్ చేసినా, బోరు మరీ బిగువుగా చేసినా నాలుగు మూలలా నిలువు గీతలు పడతాయి. మీది అది కాదు.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. మైదానంతో పోలిస్తే అక్కడి గాలి ఎనిమిది, తొమ్మిది శాతం పలచన. గాలి తగ్గితే అదే జెట్‌తో పెట్రోలు ఎక్కువైనట్టు, అందుకే బండి బుడబుడమంది. చిన్న జెట్ అక్కడికి సరే. మీరు కిందికి దిగాక గాలి చిక్కబడింది, జెట్ మాత్రం కొండ మీదిదే. పెట్రోలు చాలలేదు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గితే రెండు నష్టాలు: లోపల చల్లబరిచే తడి తగ్గుతుంది, పెట్రోలుతో కలిసి వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది.

దానికి తోడు ఘాట్ దిగేటప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా మూసి, ఇంజిన్ బ్రేకు మీద వచ్చి ఉంటారు. ట్యాంకులోనే ఆయిల్ కలిపే బళ్ళలో అలా దిగుతున్నంతసేపూ చక్రం ఇంజిన్‌ను గిరగిరా తిప్పుతుంది, ఆయిల్ మాత్రం దాదాపు అందదు. దిగేటప్పుడు అప్పుడప్పుడూ క్లచ్ పట్టి, ఒకసారి కొద్దిగా రేస్ చేసి వదలండి. పాత లారీ డ్రైవర్లకు ఇంజిన్ బ్రేకు మంచిదే, మనకు ఆ అలవాటు పనికిరాదు.

ఒకటి రెండు రోజుల కోసం కొండెక్కితే జెట్ ముట్టుకోకండి. కార్బొరేటర్‌లో పెట్రోలును అదుపు చేసే నీడిల్ (సూది) క్లిప్‌ను ఒక గాడి పైకి మార్చి నీడిల్ దించుకుంటే చాలు. కిందికి దిగగానే, ఎస్.కోట చేరకముందే, పాత గాడిలోకి తెచ్చేయండి. ఫుల్ యాక్సిలేటర్ దగ్గర సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఖాళీ రోడ్డు మీద ఫుల్‌లో కాసేపు నడిపి, క్లచ్ పట్టి, వెంటనే ఇంజిన్ ఆపి ప్లగ్ తీయండి. టీ రంగు ఉంటే క్షేమం. తెల్లగా ఉంటే పెద్ద జెట్ వేసేవరకు ఇంకో కిలోమీటరు కూడా ఫుల్‌లో వద్దు.

ఇప్పుడు బోర్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించండి. లేతు దగ్గర ఒక్క మాట తప్పకుండా చెప్పండి: బోర్ అయ్యాక కిటికీల అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి, వాటిని సన్నగా గుండ్రం చేయాలి. అది మరిచిపోతే రింగు కిటికీలో తట్టి విరుగుతుంది. నేను చూసిన ‘కొత్త పిస్టన్ వారంలో పోయింది’ కేసుల్లో చాలావాటికి కారణం ఇదే.

పలాస నుంచి ఒక పాఠకురాలు: తోటకు, ఇంటికి పాత ఎక్స్‌ఎల్ సూపర్ మోపెడ్ నేనే నడుపుతాను. పొలం గట్ల మీద బరువుతో వెళ్ళాలి. లీటరుకు ఆయిల్ 20 మి.లీ. చాలని ఒకరు, 40 పోయమని ఒకరు. ఇప్పటి పెట్రోలుకు ఎంత?

అమ్మా, 20 మి.లీ. అంటే యాభైకి ఒక పాలు. మంచి టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) అయితే మామూలు వాడకానికి అది చాలు. మీరు ఎండలో బరువుతో గట్లెక్కుతారు కాబట్టి 25 పోయండి. 40 మాత్రం వద్దు. ఆయిల్ పెరిగిన మేరకు ఆ జెట్‌లోంచి వెళ్ళే పెట్రోలు తగ్గుతుంది, అంటే మంచికని పోసిన ఆయిలే మిక్స్చర్‌ను పలచన చేస్తుంది. పైగా సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత జెట్‌తో బండి మునుపటికంటే పలచనగా నడుస్తుంది. ప్లగ్ తెల్లబడుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచమని చెప్పండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. మీ తీరప్రాంతపు తేమలో ఆయిల్ కలిపిన పెట్రోలును నెలల తరబడి డబ్బాలో దాచకండి, వారానికి సరిపడా కలుపుకోండి. పెట్రోలు పైపు మెత్తబడి ఉబ్బితే వెంటనే మార్పించండి.

ఆమదాలవలస: ప్లగ్ కంపెనీ మారిస్తే అదే నంబరు వేయొచ్చా?

వేయకూడదు. ఎన్‌జీకేలో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో నంబరు పెరిగేకొద్దీ వేడిది (వేడిని నిలుపుకునేది). రెండూ తలకిందులు. కంపెనీ పట్టిక చూసి సమానమైన దాన్నే అడగండి.

టెక్కలి: లైట్లు, నంబరు ప్లేటు తీసేసి డర్ట్ బైకులా చేసుకుంటే ఇబ్బందా?

రోడ్డెక్కితే ఇబ్బందే. ఆర్సీలో ఉన్న రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. తోట దాకా మీ బండి రోడ్డు మీదే వెళ్ళాలి కదా తమ్ముడూ, లైట్లు ఉంచు. చీకటి పడితే ఏనుగులు తిరిగే చోట్లున్న జిల్లా మీది.

గజపతినగరం: యాక్సిలేటర్ వదిలేసినా రేస్ దానంతటదే పెరిగి కిందికి రావడం లేదు. కార్బొరేటర్ మూడుసార్లు విప్పారు, టెన్షన్‌గా ఉంది.

నాలుగోసారి విప్పకండి. ఇది ఎక్కడో గాలి లాగుతున్న లక్షణం, అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. ఇంజిన్ స్లోలో ఉండగా కార్బొరేటర్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉన్న రబ్బరు మీద, బ్లాక్ కింది ప్యాకింగ్ చుట్టూ సబ్బు నీళ్ళు కొద్దికొద్దిగా చల్లండి. ఎక్కడ చల్లితే రేస్ మారుతుందో సందు అక్కడ. రెండు చోట్లా ఏమీ మారకపోతే మాగ్నెట్ కవర్ తీయించి క్రాంకు ఆయిల్ సీల్ చూడమనండి, అంచు గట్టిపడి ఉంటుంది. క్లచ్ వైపు సీల్ పోతే గుర్తు వేరు: గేర్ ఆయిల్ తగ్గుతూ సైలెన్సర్లో తెల్లటి పొగ వస్తుంది. మీరు పొగ సంగతి రాయలేదు కాబట్టి ముందు మాగ్నెట్ వైపే చూడమనండి. రెండు సీళ్ళూ ఒకే వయసువి, ఒకటి పోయాక రెండోది కూడా మార్చేయడం నా అలవాటు.