నాన్న ఒప్పుకున్నారట... సంతకం ఎక్కడుంది?

ప్రశ్న: మా తాత నిజాం రైల్వే రోజుల్లోనే లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరారు. 1958లో మెట్టుగూడలో స్థలం కొని పెంకుటిల్లు కట్టారు. రిజిస్టర్డ్ దస్తావేజు ఉంది. నాన్న 1996లో ఆ ఇంటిని ఒక కుటుంబానికి కిరాయికిచ్చారు. 900తో మొదలైన కిరాయి ఇప్పుడు 3,300. మెట్రో వచ్చాక ముందు గదుల్లో కర్రీ పాయింట్ పెట్టారు. ఇప్పుడు ఇల్లంతా లేడీస్ హాస్టల్. నడిపేది కిరాయిదారు బామ్మర్ది. అడిగితే ‘మీ నాన్న ఒప్పుకున్నాడు’ అంటున్నారు. నాన్న 2021 మేలో పోయారు. ఆ తర్వాత 19 నెలలు కిరాయి ఇవ్వలేదు. 2023 జనవరి నుంచి ఇస్తున్నారు, నేను రసీదు రాసిస్తున్నాను. అమ్మ పెంచిన పారిజాతాన్ని కొట్టేసి అక్కడ నీళ్ల ట్యాంకు పెట్టారు. చివరి రోజులు ఆ ఇంట్లోనే గడపాలని అమ్మ కోరిక. సంక్రాంతికి అమ్మాయిలంతా ఊళ్లకు పోయినప్పుడు తాళం వేసేద్దామని మా బావ అంటున్నాడు. వేయొచ్చా? – ఓ పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: తాళం సంగతి తర్వాత. మీరు పంపిన నాలుగు పేజీల్లో రెండు పేజీలు పారిజాతం గురించే ఉన్నాయి. ‘నడిపేది కిరాయిదారు బామ్మర్ది’ అన్నది మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు కావాల్సింది ఆ ముక్క.

ముందు దస్తావేజు చూశాను. ఆ వైపు నుంచి వచ్చేవారిలో కొందరు రైల్వే క్వార్టర్‌ను కూడా ‘మా ఇల్లు’ అనే చెబుతారు. క్వార్టర్ అయితే ప్రభుత్వ ఆస్తుల్లో అనుమతి లేకుండా ఉంటున్నవారిని ఖాళీ చేయించే 1971 నాటి పబ్లిక్ ప్రిమిసెస్ చట్టం వర్తిస్తుంది. ఎస్టేట్ ఆఫీసర్ ఖాళీ చేయమని ఆర్డర్ ఇస్తే అప్పీలుకు 12 రోజులే గడువు. మీది కొన్న స్థలం కాబట్టి ఆ గొడవ లేదు. ఇక కిరాయి. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన ఇళ్లను 2005 సవరణ రెంట్ కంట్రోల్ చట్టం నుంచి తప్పించింది. మీ 3,300 ఆ గీతకు ఇవతలే ఉంది. అందుకే మీరు వెళ్లాల్సింది కిరాయి తగాదాలు విచారించే రెంట్ కంట్రోలర్ దగ్గరికి, నడవాల్సింది 1960 నాటి ఆ రెంట్ కంట్రోల్ చట్టం ప్రకారం.

ఆ చట్టంలోని 10(2)(ii) సెక్షన్ చదివించుకోండి. ఓనరు ‘లిఖితపూర్వక అనుమతి’ లేకుండా కిరాయిదారు ఇంటిని వేరేవాళ్లకు ఇచ్చినా, ఏ పనికి తీసుకున్నాడో ఆ పనికి కాకుండా వేరే పనికి వాడినా ఖాళీ చేయించవచ్చు. మీకు ఈ రెండు కారణాలూ ఉన్నాయి. రెండూ ఒకే కొయ్యకు వేలాడుతున్నాయి. మీ నాన్న సంతకంతో అనుమతి కాగితం ఉందా, లేదా? నోటిమాట ఇచ్చారా, చూసీ చూడనట్టు ఊరుకున్నారా అన్నది వేరే సంగతి. ఢిల్లీ కిరాయి చట్టం మీద వచ్చిన షాలిమార్ తార్ ప్రోడక్ట్స్ కేసులో సుప్రీం కోర్టు ఇదే తేల్చింది. రాతలో అనుమతి ఉండాలని చట్టం అన్నప్పుడు, తెలిసి ఊరుకోవడం అనుమతి కాదు. ‘మీ నాన్న ఒప్పుకున్నాడు’ అంటే, కాగితం చూపించమనండి.

అయితే వాళ్లు చూపించకముందే మీరు వెతకాలి. ఇంటి కనెక్షన్‌ను కమర్షియల్ కేటగిరీకి మార్చి ఉంటే కరెంటు ఆఫీసులో ఫైలు ఉంటుంది. ఆ దరఖాస్తు వెనక మీ నాన్న నో అబ్జెక్షన్ కాగితం ఉందేమో చూడండి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు తీసుకుని ఉంటే ఆ ఫైలూ అంతే. మీటరు మీ నాన్న పేరు మీదే ఉంటే వారసులుగా నేరుగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ కాపీ చూడకుండా నోటీసు పంపొద్దు. సంతకం బయటపడితే మనం వేరే దారి వెతుక్కోవాలి.

ఇక మిమ్మల్ని తిట్టాల్సిన చోటు. మీరు పంపిన రసీదుల ఫోటోల్లో 14 రసీదుల మీద మీ చేతిరాతతో ‘హాస్టల్ కిరాయి’ అని ఉంది, కింద మీ సంతకం. అనుమతి రాసివ్వలేదని కోర్టులో చెప్పబోయే మనిషి నెలనెలా హాస్టల్ పేరు రాసి సంతకం పెడితే ఎలా? డబ్బు ముట్టిందని చెప్పేదే రసీదు, అనుమతి ఇచ్చేది కాదని నేను వాదిస్తాను, ఆ వాదన నిలబడుతుందనే నా నమ్మకం. కానీ మీరు ఆ మాట రాయకపోతే ఈ వాదనే అక్కర్లేదు. వచ్చే నెల నుంచి ఇంటి నంబరు, నెల పేరు, ‘మా హక్కులకు భంగం లేకుండా’ అన్న మాట, అంతే. ఫోన్‌లో డబ్బు వేసేటప్పుడు వాళ్లు ‘హాస్టల్ రెంట్’ అని రాస్తే, అది మేం ఒప్పుకున్నది కాదని వెంటనే మెసేజ్ పెట్టండి.

అవతలి లాయరు ఒక తెలివైన మాట అంటాడు. హాస్టల్లోనూ మనుషులు నివాసమే ఉంటారు కదా, వాడకం ఎక్కడ మారింది అని. మీ పెట్టెలో ఉన్న 1996 అగ్రిమెంటుకు ఇక్కడే విలువ. అందులో ‘తన కుటుంబ నివాసానికి’ అని రాసి ఉంది. ‘తన కుటుంబ’ అన్న ఆ రెండు మాటలూ బంగారం. 11 నెలల అగ్రిమెంటు కాబట్టి అప్పటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. స్టాంపు తక్కువైతే లోటు, దాని మీద పెనాల్టీ కట్టి దాఖలు చేయొచ్చు. దాన్ని లామినేషన్ చేయించకండి.

బామ్మర్ది సంగతికి కూడా జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘మేం పార్ట్‌నర్లం’ అని పాత తేదీతో ఒక డీడ్ తెస్తారు. అందుకే ఇప్పుడే ఆధారాలు పట్టుకోండి. ఫీజులు వసూలు చేసే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తోంది, బోర్డు మీద ఎవరి నంబరుంది, అమ్మాయిలకు రసీదు ఎవరిస్తున్నారు. ఫోటోలు, స్క్రీన్‌షాట్లు తీసిన ఫోన్‌ను మార్చకండి. ఫోన్‌లోని ఆధారాలను కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది. పారిజాతం ఉన్న పాత ఫోటో, వెనక తేదీతో ఉంటే అదీ తీయండి. హాస్టల్‌కు ముందు ఇల్లు ఎలా ఉండేదో చెప్పడానికి పనికొస్తుంది.

అమ్మగారి కోరిక నాకు అర్థమైంది. కానీ ‘మా నివాసానికి కావాలి’ అన్న కారణం ఎత్తితే, మీరు నాచారంలో సొంత ఫ్లాటులో ఉంటున్నారన్నది మొదటి ప్రశ్నలోనే బయటికొస్తుంది. దాన్ని ముందు పెట్టి బలమైన కేసును పలచన చేయొద్దు.

తాళం వేయొద్దు. కరెంటు, నీళ్లు ఆపొద్దు. కిరాయిదారుకున్న సౌకర్యాలను ఓనరు ఆపకూడదని అదే చట్టం చెబుతోంది. తాళం వేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు వాళ్లు కోర్టుకు వెళ్లొచ్చు. అక్కడ ఇల్లెవరిదని ఎవరూ చూడరు, మొన్నటిదాకా లోపల ఎవరున్నారన్నదే చూస్తారు. పైగా లోపల అమ్మాయిల సామాన్లుంటాయి. ఒక గొలుసు పోయిందని ఒక్కరు ఫిర్యాదు చేసినా మీ బావ స్టేషన్ చుట్టూ తిరగాలి. వాళ్లు 8,000 ఇస్తామని, హాస్టల్ అని కొత్త అగ్రిమెంటు రాసుకుందామని అన్నా సంతకం పెట్టకండి. పెట్టిన రోజునే మీ రెండు కారణాలూ పోతాయి.

పాత బాకీ 2021 జూన్ నుంచి 2022 డిసెంబరు దాకా 19 నెలలు, 62,700 రూపాయలు. ఏ నెల కిరాయికి ఆ నెల నుంచే మూడేళ్ల గడువు. ఇంతకాలం ‘తర్వాత అడుగుదాం’ అని కూర్చున్నారు, ఆ డబ్బుకు కాలదోషం పట్టింది. దాని కోసం ఇప్పుడు కోర్టు ఫీజు తగలేయొద్దు.

కరెంటు ఆఫీసు కాపీ రాగానే లాయరు ద్వారా నోటీసు పంపండి. అద్దెదారుకూ బామ్మర్దికీ విడివిడిగా, రిజిస్టర్డ్ పోస్టులో. పిటిషన్‌లో అమ్మగారు, మీరు, మీ అక్క అందరూ పిటిషనర్లుగా ఉండండి, నాన్నగారి డెత్ సర్టిఫికెట్, వారసుల కాగితాలు జత చేయండి. బామ్మర్దిని రెండో ప్రతివాదిగా చేర్చడం మరవొద్దు. మీ బావను మాత్రం సంక్రాంతికి మీ ఇంటికే పిలవండి.