వోల్టేజీ పరిమితుల మీద రాస్తున్న యువ రచయితకు

మిత్రమా,

నమస్కారం. ప్రాసెసర్, మెమరీ ఓవర్‌క్లాకింగ్‌లో (తయారీదారు నిర్ణయించిన వేగం కంటే ఎక్కువగా నడపడంలో) సురక్షితమైన వోల్టేజీ గురించి మీరు పంపిన వ్యాసం చిత్తుప్రతిని శ్రద్ధగా చదివాను. విషయం మీద మీకున్న ఇష్టం ప్రతి పేరాలో కనిపిస్తోంది. అయితే "1.4 వోల్టుల వరకు భయం లేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. పాఠకుడు మీ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఆ అంకెను మాత్రం గుర్తుపెట్టుకుని, నేరుగా బయోస్‌లోకి (కంప్యూటర్ మూల అమరికల్లోకి) వెళ్లి దాన్నే పెడతాడు. అందుకే అది ఏ ప్రాసెసర్‌కు, ఎంత కరెంటు లాగుతున్నప్పుడు, ఎంత వేడిలో వర్తిస్తుందో చెప్పలేనప్పుడు ఆ అంకెను రాయనే వద్దు.

ఏఎమ్‌డీ రైజెన్ 3000 శ్రేణి ప్రాసెసర్లను చూడండి. ఒకటి రెండు కోర్లే (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు) పనిచేస్తున్నప్పుడు వాటిలో వోల్టేజీ 1.4 దాటి కనిపించడం మామూలే. ఆ వోల్టేజీని చిప్పే అడిగి తీసుకుంటుంది, అన్ని కోర్లూ పనిలోకి దిగగానే తానే తగ్గించుకుంటుంది. అదే 1.4ను మనం చేత్తో స్థిరంగా పెట్టి, అన్ని కోర్ల మీదా గంటల తరబడి రెండరింగ్ లాంటి భారీ పని నడిపిస్తే చిప్పు లోపలి సన్నని లోహపు తీగల గుండా ప్రవహించే కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ప్రవాహం లోహపు అణువులను కొద్దికొద్దిగా జరుపుతుంది. దాన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. వేడి పెరిగేకొద్దీ అది వేగం పుంజుకుంటుంది. వేడేమో వోల్టేజీతో పాటే పెరుగుతుంది: క్లాక్ (చిప్పు పనిచేసే వేగం) మార్చకుండా 1.2 నుంచి 1.35 వోల్టులకు వెళ్తే, వోల్టేజీ వర్గం (స్క్వేర్) లెక్కన, స్విచింగ్‌కు ఖర్చయ్యే పవర్ సుమారు 27 శాతం ఎక్కువవుతుంది. ఈ లెక్క మీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

"చిప్పు కాలిపోతుంది" అని మీరు రెండుచోట్ల రాశారు. నిజానికి ఎక్కువసార్లు జరిగేది అది కాదు. నిన్నమొన్నటి దాకా 1.30 వోల్టుల దగ్గర నిలబడిన క్లాక్‌కు కొన్నాళ్లకు 1.33 కావాల్సి వస్తుంది. ఆ తర్వాత అదీ చాలదు. 2002 ప్రాంతంలో పెంటియమ్ 4 నార్త్‌వుడ్ చిప్పులకు 1.7 వోల్టులు, ఆపైన ఇచ్చినవారు చూసింది సరిగ్గా ఇదే. మొదట్లో క్లాక్ బ్రహ్మాండంగా పెరిగింది, తర్వాత వారాల్లోనో నెలల్లోనో స్థిరత్వం తగ్గుతూ వచ్చి చివరికి ప్రాసెసర్ పనికిరాకుండా పోయింది. కాబట్టి ఒక వారం పరీక్షించి "సురక్షితం" అనే మాట వాడకండి. "స్థిరంగా ఉంది" అనడానికి మాత్రమే ఆ పరీక్ష ఆధారమవుతుంది.

తయారీదారులే హద్దులు సవరించుకున్న సందర్భాలున్నాయి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అస్థిరత బయటపడ్డాక ఇంటెల్ 2024 ఆగస్టులో ఇచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి నియంత్రణ కోడ్), చిప్పు 1.55 వోల్టులకు మించి అడగకుండా కట్టడి చేసింది. అవి ఓవర్‌క్లాక్ చేయని యంత్రాలకూ వచ్చిన ఇబ్బందులే అన్న సంగతిని ఒక వాక్యంలోనైనా చెప్పండి.

మెమరీ భాగం మరీ పలచగా ఉంది. మెమరీ తరాల్లో డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు ప్రమాణమని, చాలా డీడీఆర్4 ఎక్స్‌ఎంపీ ప్రొఫైళ్లు (ఎక్కువ వేగానికి ముందే సిద్ధం చేసిన మెమరీ అమరికలు) 1.35 వాడతాయని రాసి ఊరుకున్నారు. అసలు చిక్కు చాలాసార్లు మాడ్యూల్‌లో ఉండదు, ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్ (మెమరీతో మాట్లాడే భాగం) వైపు ఉంటుంది. 2008లో నెహేలమ్ తరం ప్రాసెసర్లతో ఇంటెల్ ఆ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకి తెచ్చినప్పుడు, మెమరీకి 1.65 వోల్టులు మించితే ప్రాసెసరే దెబ్బతినవచ్చని హెచ్చరించారు. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కాలిపోయినప్పుడు ఏఎమ్‌డీ ఎస్ఓసీ వోల్టేజీకి (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే వోల్టేజీకి) 1.3 దగ్గర గీత గీసింది. మెమరీ ప్రొఫైల్ ఆన్ చేస్తే కొన్ని బోర్డులు పాఠకుడికి చెప్పకుండానే ఈ పక్క వోల్టేజీలను కూడా పెంచుతాయి. ప్రొఫైల్ పెట్టాక వాటినీ తెరిచి చూడమని పాఠకుడికి స్పష్టంగా చెప్పాలి.

ఇక మీ పట్టికలోని అంకెలు ఎక్కడ కొలిచినవి? బయోస్‌లో పెట్టినదీ, భారం మీద చిప్పుకు అందేదీ ఒకటి కావు. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్‌ను (భారం మీద వోల్టేజీ పడిపోకుండా చూసే బోర్డు అమరికను) గరిష్ఠ స్థాయిలో పెడితే, భారం తగ్గిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ క్షణాన్ని పట్టుకోలేదు, దానికి ఆసిలోస్కోప్ (క్షణక్షణం వోల్టేజీని గీసి చూపే పరికరం) కావాలి. మీ దగ్గర అది లేకపోతే మధ్యస్థ స్థాయిని సూచించి, కారణం రాయండి.

పట్టికను "పెట్టిన వోల్టేజీ", "భారం మీద వోల్టేజీ", "ఉష్ణోగ్రత", "బయోస్ వెర్షన్" అనే నాలుగు నిలువు వరుసలుగా మార్చి, సవరించిన ప్రతిని పంపండి. వెంటనే చదివి జవాబు రాస్తాను.

మీ శ్రేయోభిలాషి