నమాజును ఇంకో పరీక్ష చేసుకోవద్దు నాయనా

అస్సలాము అలైకుం నాయనా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఐదు పూటలా నమాజు మొదలుపెడుతున్నావంట. జుమ్మాకు పోయినా వెనక వరసలో నిలబడి, నమాజు చివర సలాం తిప్పీ తిప్పగానే చెప్పులు వెతుక్కునే పిల్లోడివి! వింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే రెండో మాట చెప్పింది. గ్రూప్స్ టెన్షన్‌తో రాత్రుళ్ళు గుండెదడ వస్తోందని, నమాజు ఉంది కాబట్టి డాక్టరిచ్చిన మాత్రలు ఆపేస్తానన్నావని. అప్పటినుంచి నాకు నిద్ర పడితే ఒట్టు.

నీకు తెలిసినవి మళ్ళీ చెప్పను. అలారం పెట్టుకో, హాస్టల్లో కాస్త శుభ్రమైన మూల చూసుకో, ఫోన్ దూరంగా పెట్టు. రోజుకు ఫర్జ్, అంటే తప్పనిసరివి, 17 రకాతులు (నిలబడి, వంగి, సజ్దా చేసే ఒక్కో చుట్టూ ఒక రకాతు). ముందు అవి నిలబెట్టుకో, మిగతావి మెల్లగా వస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, తొందరపడొద్దు. గబగబా నమాజు చదివి వచ్చినాయనను ప్రవక్త (స) మూడుసార్లు వెనక్కి పంపారు, నువ్వు చదవలేదు, పోయి మళ్ళీ చదువు అని. రుకూలో, అదే నడుం వంచినప్పుడు, వెన్ను నిలవనియ్యి. సజ్దాలో నుదురూ ముక్కూ, అరచేతులు, మోకాళ్ళు, కాలివేళ్ళు నేలకు ఆనాక, 'సుబ్హాన రబ్బియల్ ఆలా' అని నిదానంగా అను. ఊపిరి దానంతటదే దారికొస్తుంది. 'నమాజుతో మాకు ఊరట కలిగించు బిలాల్' అని అజాన్ ఇచ్చే బిలాల్‌ను ప్రవక్త అడిగేవారంటే ఊరికే కాదు. సలాం తిప్పాక చేతులెత్తి మన తెలుగులోనే అడుగు. భయమేస్తోందని చెప్పుకో. అల్లాహ్‌కు నెల్లూరు తెలుగు రాదనుకున్నావా?

ఇప్పుడు మీ చిన్నత్త సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మీ చిన్న మామయ్య అక్కడే డ్రైవరు. ఉత్తరాలు ఆగిపోయాయి. మీ చిన్నత్త నెల్లూరు కోటమిట్టలో మా ఇంటికొచ్చి, రేడియో పక్కనే జానమాజ్, అదే నమాజు చాప, పరుచుకుంది. మొదట్లో నమాజే దాన్ని నిలబెట్టింది, అబద్ధం చెప్పకూడదు. తర్వాత అనుమానం పట్టుకుంది. నమాజుకు ముందు కడుక్కునే వుజూలో మోచెయ్యి తడవలేదేమో, మళ్ళీ కడుగు. మూడు రకాతులా, నాలుగా? విడగొట్టి మొదటినుంచి చదువు. నమాజు సరిగ్గా లేకపోతే ఆయనకేమన్నా అవుతుందని దాని భయం. తెల్లవారుజామున ఫజర్ అజాన్‌కు కుళాయి దగ్గర కూర్చున్న మనిషి పొద్దెక్కినా లేచేది కాదు. మోచేతుల దగ్గర చర్మం పగిలి, పైట తగిలితే చాలు ఉలిక్కిపడేది. వీధిలో వాళ్ళేమో 'ఎంత భక్తో ఈ పిల్లకు' అని మెచ్చుకునేవాళ్ళు. మా అమ్మకు అది విని సంబరం. జబ్బును భక్తి అనుకుని, ఆ పిల్లను అట్లాగే వదిలేశారు.

కువైట్‌లో చిక్కుకున్న మనవాళ్ళు వేలమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు కదా, ఆయనా అట్లాగే వచ్చాడు. మనిషి ఎదురుగా నిలబడ్డా దాని చేతులు కుళాయి వదల్లేదు. అప్పుడు అందరికీ అర్థమైంది.

మసీదులో ముసలి హజ్రత్, అదే మతగురువు, ఒకాయన ఉండేవాడు. వుజూలో మూడుసార్లకు మించి కడగొద్దన్నాడు. రకాతుల్లో అనుమానమొస్తే తక్కువ లెక్క పట్టుకుని ముగించి, చివర్లో సజ్దా సహూ, అదే పొరపాటుకు చేసే రెండు సజ్దాలు, చెయ్యి, మళ్ళీ మొదలుపెట్టొద్దు అన్నాడు. ఆ నోటితోనే మద్రాసు తీసుకుపోయి నరాల డాక్టరుకు చూపించమన్నాడు. మాత్రలు చాలాకాలం వాడింది. ఇప్పుడు నాకంటే ముందు నమాజు ముగించి, నన్ను చూసి నవ్వుతుంది.

అందుకే చెప్తున్నా, మాత్రలు నీ అంతట నువ్వు ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే దడ రెండింతలై రావచ్చు. తగ్గించాలన్నా, ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. జబ్బు దింపినవాడు మందు కూడా దింపాడని ప్రవక్త చెప్పిన హదీసే ఉంది, ఇంక నీకేం నామోషీ? రాత్రి మరీ తట్టుకోలేకపోతే 14416కు చెయ్యి, మనసు బాగోలేనివాళ్ళ కోసం పెట్టిన ఫోన్ లైను, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళకు చెయ్యడానికి మొహమాటమైతే నాకు చెయ్యి. రెండు గంటలైనా సరే.

ఒకపూట తప్పిందని కుమిలిపోవద్దు. గుర్తొచ్చినప్పుడు కజా, అంటే తప్పినదాన్ని, చదువుకో. ఒంట్లో బాగాలేకపోతే కూర్చుని చదువు, పడుకుని అయినా చదవొచ్చు. ఆకలిగా ఉండి అన్నం ముందుంటే అన్నమే ముందు. ఇది నా మాట కాదు, ప్రవక్తదే. నువ్వు టీ తాగి చదువుకు కూర్చుంటున్నావని కూడా తెలిసింది. వెధవా, ఖాళీ కడుపుతో టీ మీద టీ తాగితే ఎవడికైనా గుండె దడదడలాడుతుంది!

మీ అమ్మ ఈసారి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర నీకోసం ఉద్యోగం రొట్టె పట్టుకుంటానంటోంది. అట్లాంటివి కూడదని మీ నాన్న. వాళ్ళ తగువులో నువ్వు దూరొద్దు, నేనూ దూరను.

ఈ ఉత్తరం అందగానే మందుల చీటీ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. డాక్టరు మళ్ళీ ఎప్పుడు రమ్మన్నాడో కూడా రాయి. ఆ రోజుకు నేను హైదరాబాదు రైలెక్కుతా, ఇద్దరం కలిసే పోదాం.

దువాలతో,
మీ పెద్దత్త