సమాధానం: రెండు సెంటర్ల ఎక్స్‌రేలలో కీలు సందు కొలత కలవకపోవడం
ఒకే రోగి చేతి కీలు సందు (కీలులో ఎముకల మధ్య ఖాళీ) కొలతను మీ కంప్యూటర్ మోడల్ రెండు సెంటర్ల ఎక్స్‌రేలలో వేర్వేరుగా ఎందుకు చూపుతోందని అడిగారు. మోడల్‌ను కాదు, ముందుగా పిక్సెల్ కొలతను అనుమానించాలి. చెన్నైలోని రెండు స్కాన్ సెంటర్లలో తీసిన ఒకే రోగి చేతి ఎక్స్‌రేలను మీరు పీఎన్‌జీగా (మామూలు బొమ్మ ఫైలుగా) మార్చి 512 పిక్సెళ్ల వెడల్పుకు కుదించడంతో, ఒక్కో పిక్సెల్ ఎన్ని మిల్లీమీటర్లో తెలిపే సమాచారం పోయి ఉంటుంది.

1. డైకామ్ ఫైలును (వైద్య చిత్రాన్ని దాని వివరాలతో సహా దాచే అసలు ఫైలును) మార్చకముందే అందులో ఒక్కో పిక్సెల్ ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే ‘ఇమేజర్ పిక్సెల్ స్పేసింగ్’ విలువను విడిగా భద్రపరచండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కుదించిన నిష్పత్తిని బట్టి ఆ విలువను తిరిగి లెక్కించాలి. 2048 పిక్సెళ్ల వెడల్పు 512 అయినప్పుడు 0.1 మి.మీ. పిక్సెల్ 0.4 మి.మీ. అవుతుంది, సందే ఒకటి రెండు మిల్లీమీటర్లుండే వేలి కీలులో ఇది చిన్న తేడా కాదు కనుక, కీలును గుర్తించడానికి కుదించిన బొమ్మను వాడినా కొలతను అసలు బొమ్మపైనే తీయడం మేలు.

3. వేళ్లు వంగి ఉన్న ఎక్స్‌రేలను పక్కన పెట్టండి; వాటిని ఏ లెక్కా సరిచేయదు.