రొయ్యల చెరువు గట్టు మీద ఫోన్‌కి ఏ కేస్?
భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పని, తడి చేతుల్లోంచి ఫోన్ జారిపోతోంది, ఏ కేస్ కొనాలి అన్నారు కదండీ, గట్టి ప్లాస్టిక్‌ది వద్దండి, అది దెబ్బకి పగిలిపోద్ది, మెత్తగా వంగే టీపీయూ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) కేస్ తీసుకోండి, మూలలు లావుగా ఉండి స్క్రీన్ చుట్టూ, కెమెరా చుట్టూ అంచు కాస్త పైకి ఉండాలి, చదును నేల మీద బోర్లా పడినా అద్దానికి తగలదు. వెనక గరుకుగా ఉంటే జారదు. ట్రాన్స్‌పరెంట్‌ది ఎండకి పసుపెక్కిపోద్ది, నల్లది మేలు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఇలాంటి బ్యాక్ కేస్ ఏదీ నీళ్ళు ఆపదు. ఫోన్‌కి ఐపీ68 (దుమ్ము, నీళ్ళు తట్టుకుంటుందనే రేటింగ్) ఉన్నా ఆ టెస్టు మంచినీళ్ళలో చేసిందే, మనవి ఉప్పునీళ్ళు, ఛార్జింగ్ పిన్ను తుప్పు పట్టిపోద్ది. ఏరియేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషన్) దగ్గరికెళ్తే మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో పెట్టుకోండి, ముందు అందులో టిష్యూ పేపర్ పెట్టి బకెట్లో ముంచి చూడండి. ఒకవేళ ఫోన్ తడిస్తే ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి.