పదకొండో గడ్డ

అమ్మడూ,

ఏరియా ఆసుపత్రిలో సర్జన్‌గా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఇక వారానికి పది కొవ్వు గడ్డలు తీస్తావు. నా భయమంతా పదకొండోదాని గురించే.

నా కొత్తలో ఒక రైతు తొడ మీద గడ్డను కొవ్వే అనుకుని తీసేశాను. స్కాన్ లేదు, ముక్క పరీక్ష లేదు. పైగా అడ్డంగా కోశాను. లోపల చేరే రక్తం, నీరు బయటికి పోయే డ్రెయిన్ గొట్టాన్ని గాయానికి నాలుగు వేళ్ల దూరంలో ఇంకో రంధ్రం చేసి బయటికి తెచ్చాను. రిపోర్టులో సార్కోమా అని వచ్చింది, అంటే కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే కేన్సర్. రెండో ఆపరేషన్‌లో ఆ అడ్డకోత, డ్రెయిన్ దారి, రక్తం గూడుకట్టిన మేర అంతా తీసెయ్యాల్సి వచ్చింది. చర్మం చాలక వేరే చోటి నుంచి తెచ్చి వేశారు.

ఆ రోజు గడ్డ బత్తాయి తొనలా ఊడొస్తే మురిసిపోయాను. చుట్టూ కనిపించేది అసలు పొర కాదమ్మా. కణితి పక్క కండను నొక్కి చేసుకున్న దొంగ పొర. అందులోనూ కేన్సర్ కణాలుంటాయి. సార్కోమా తీసేటప్పుడు గడ్డ కంటికి కనపడకూడదు, చుట్టూ మంచి కండతో కలిపి రావాలి.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, కండ లోపల ఉన్నా, పెరుగుతున్నా, తీసింది మళ్లీ వచ్చినా కత్తి పట్టకు. నొప్పి లేదంటే నమ్మకు, ఇది చాలాసార్లు నొప్పి పెట్టదు. ముందు ఎంఆర్‌ఐ స్కాన్, తర్వాతే బయాప్సీ, అదే ముక్క పరీక్ష. అది కూడా సన్నని ముక్క తీసే కోర్ సూదితో, రేపటి కోత పడే గీత మీదే, కాళ్లకూ చేతులకూ నిలువుగా. సూది దారిని కూడా తీసెయ్యాలి కాబట్టి పోటు ఎక్కడో పెద్ద ఆపరేషన్ చేసేవాళ్లే చెప్పాలి. అందుకే స్కాన్ తీయించి హైదరాబాద్‌లోని ఎమ్మెన్‌జే కేన్సర్ ఆసుపత్రికో ముంబైలోని టాటా మెమోరియల్‌కో పంపెయ్. ఊపిరితిత్తుల సీటీ వాళ్లు ఎలాగూ చూస్తారు, ఇది ముందు పాకేది అక్కడికే.

"కాలు తీసేస్తారా డాక్టరమ్మా?" అని అడుగుతారు. అమెరికాలో రోజెన్‌బర్గ్ బృందం 43 మంది మీద చేసి 1982లో ప్రచురించిన పరీక్షలో, కాలు తీసినవాళ్లకూ, కాలు ఉంచి రేడియేషన్ ఇచ్చినవాళ్లకూ బతకడంలో తేడా కనపడలేదు. ధైర్యం చెప్పు.

పదిహేనేళ్ల పిల్లాడు మోకాలి దగ్గర నొప్పి, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు అంటే, ఆటలో దెబ్బ తగిలిందని వాళ్లమ్మ అన్నా సరే ఎక్స్‌రే తీయించు, అది ఎముకలో పుట్టిన సార్కోమా కావచ్చు. ఈలోగా నాటు కట్టు, మాలిష్ వద్దని గట్టిగా చెప్పు.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకటి పొరపాటున తీసేస్తావు. అప్పుడు దాచకు. ఎక్కడ కోశావో, డ్రెయిన్ ఎక్కడ పెట్టావో బొమ్మ గీసి, తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకులతో సహా ఇచ్చి పంపు. ఆ రైతుకు నేను సిగ్గుపడి రాసివ్వలేదు.

మీ మావయ్య