ఎగ్జామ్స్ ముందు 1.0 రిలీజ్ చెయ్యాలా, టూల్ మొత్తం ఆపెయ్యాలా?

మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్స్ చదివే ఒక స్టూడెంట్ అడిగిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి పెడుతున్నా.

"సార్, నేను పైథాన్‌లో ఒక కమాండ్ లైన్ టూల్ (టెర్మినల్‌లో కమాండ్ కొట్టి నడిపేది) రాశాను. పెద్ద సీఎస్‌వీ ఫైళ్లలో (కామాలతో విడదీసిన పట్టికలు) డూప్లికేట్ వరసలు తీసేసి, తేదీల ఫార్మాట్ సరిచేసి ఇస్తుంది. ఓపెన్ సోర్స్‌గా గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) పెట్టాను, ఈమధ్య వాడేవాళ్లు పెరిగారు, ఇష్యూలు, అంటే వాళ్లు రాసే ఫిర్యాదులూ కోరికలూ, 30 దాటాయి. యూనివర్సిటీ ఎగ్జామ్స్‌కి ఇంకా 7 వారాలే ఉంది. పోయిన సెమిస్టర్‌లో ఈ పిచ్చిలో పడి ఒక సబ్జెక్ట్ పోగొట్టుకున్నా, అదీ ఇప్పుడే రాయాలి. ఎగ్జామ్స్ లోపు 1.0, అంటే మొదటి పూర్తి వర్షన్, రిలీజ్ చేసేస్తే రెజ్యూమెలో పెట్టుకోవచ్చని నాకుంది, నాన్న మొత్తం ఆపెయ్యమంటున్నారు. ఈలోపు ఒకతను, నువ్వు బిజీగా ఉన్నావు కదా, నాకు కోడ్ మార్చే రైట్స్ ఇవ్వు నేను చూసుకుంటా అని పదేపదే అడుగుతున్నాడు. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివా. ఆపెయ్యక్కర్లేదు, 1.0 కూడా ఇప్పుడొద్దు. ఇంకో 2 వారాలు గంటలు లెక్కపెట్టుకుని పని చేసి, ఒక చిన్న రిలీజ్ ఇచ్చి, ఫలానా తేదీ దాకా నేను ఉండను అని అందరికీ కనబడేలా రాసిపెట్టి, ఆ తర్వాత తలుపేసుకుని చదువుకో. చెప్పి ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు. సగం మార్చిన కోడ్ మధ్యలో వదిలేసి రోజుకో గంట దొంగచాటుగా తొంగి చూస్తూ చదవడమే ప్రమాదం, పోయిన సెమిస్టర్‌లో నువ్వు చేసింది అదే అనిపిస్తోంది నాకు, అందుకే అటు సబ్జెక్టూ పోయింది ఇటు ఇష్యూలూ పేరుకున్నాయి.

1.0 ఎందుకు వద్దంటున్నానంటే, వర్షన్ నంబర్లు ఎలా పెట్టాలో చెప్పే సెమాంటిక్ వర్షనింగ్ రూల్ ప్రకారం 0తో మొదలయ్యే వర్షన్‌లో ఏదైనా ఎప్పుడైనా మారొచ్చు, అదే 1.0 అని పెట్టావంటే ఇకమీదట పాతవాళ్ల పని చెడగొట్టే మార్పు ఏది చేసినా 2.0కి వెళ్లాలి. కమాండ్ లైన్ టూల్‌లో ఈ మాట నిలబెట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే నీ టూల్‌ని జనం చేత్తో కొట్టి వాడటమే కాదు, స్క్రిప్టుల్లో పెట్టుకుంటారు, రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి తనే నడిపే ప్రోగ్రాం) నడిపిస్తారు, నీ అవుట్‌పుట్‌ని పైప్ చేసి ఇంకో టూల్‌కి ఇస్తారు. ఆప్షన్ పేరు మార్చినా, అవుట్‌పుట్‌లో ఒక లైన్ ఎక్కువ ప్రింట్ చేసినా, పని అయిందో లేదో చెప్పే ఎగ్జిట్ కోడ్ మారినా అవతల ఎవరిదో ఒకరిది ఆగిపోతుంది. అది సరిగ్గా నీ మొదటి పేపర్ ముందు రోజు రాత్రి నోటిఫికేషన్‌గా వచ్చి కూర్చుంటుంది, అప్పుడు నువ్వు చదవనూ లేవు, చూడకుండా ఉండనూ లేవు. లినస్ టోర్వాల్డ్స్ కూడా స్టూడెంట్‌గా ఉన్నప్పుడే 1991 సెప్టెంబర్‌లో లినక్స్ 0.01 వదిలాడు, 1.0 వచ్చింది 1994 మార్చిలో. ఫైళ్లలో వెతికే రిప్‌గ్రెప్ అనే టూల్ అయితే 2016లో వచ్చి 2019 దాకా 0 నంబర్లతోనే నడిచింది, 2017 నుంచే వీఎస్ కోడ్ ఎడిటర్ లోపల సెర్చ్ దాని మీద పనిచేస్తున్నా సరే. కాబట్టి నీ చిన్న రిలీజ్ మీద 0.6 అని ఉంటే చిన్నతనం ఏమీ లేదు.

ఇక రెజ్యూమె. ప్రాజెక్ట్ చూసేవాళ్లు వర్షన్ నంబర్ దగ్గర ఆగరు, రీడ్‌మీ (టూల్ గురించి రాసే మొదటి పేజీ) చదువుతారు, టెస్టులు ఉన్నాయా చూస్తారు, ఎవరైనా బగ్ చెప్తే నువ్వెలా మాట్లాడావో చూస్తారు. కానీ చాలాచోట్ల అప్లికేషన్ ఫారంలోనే మార్కులూ పోయిన సబ్జెక్టులూ అడుగుతారు, ఆ గడి దగ్గరే నీ పేరు పక్కకి వెళ్లిపోతే నీ ప్రాజెక్ట్ లింక్ తెరిచే మనిషి దాకా అది చేరదు, పైగా రేపు పైచదువులకి వెళ్దామనుకుంటే అక్కడా మార్కులే ముందు. అందుకని పోయిన సబ్జెక్ట్ అన్నిటికన్నా ముందు. రోజూ ఉదయం మొదటి గంటన్నర దానికే ఇవ్వు, ఎడిటర్ తెరవకముందే. కోడింగ్ చేసి చేసి అలసిపోయాక మిగిలిన బుర్రతో చదువుతామంటే అది మళ్లీ పోతుంది, ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

7 వారాల్ని ఇలా విడగొట్టు. మొదటి 2 వారాలు టూల్ మీద వారానికి 6 గంటలు, అది కూడా రోజుకి కాస్త కాస్త కాకుండా రెండు సిట్టింగుల్లో, ఎందుకంటే కోడ్ బుర్రలోకి ఎక్కడానికే అరగంట పడుతుంది, రోజూ ఆ అరగంట కట్టుకుంటూ పోతే పని ముందుకి జరగదు, చదువూ చెడుతుంది. రెండో వారం చివర రిలీజ్. మూడో వారం కొత్త కోడ్ ఒక్క లైన్ రాయొద్దు, ఆ రిలీజ్ వల్ల ఏదైనా విరిగితే అది బాగుచెయ్యడానికే ఆ వారం, ఎందుకంటే ఫిర్యాదులు వచ్చేవి ఎక్కువగా మొదటి కొన్ని రోజుల్లోనే. దానికో 3 గంటలు పక్కన పెట్టుకో. నాలుగో వారం నుంచి చివరి పేపర్ అయ్యేదాకా రిపో, అంటే గిట్‌హబ్‌లో నీ కోడ్ ఉన్న చోటు, తెరవకు. అంటే నీ చేతిలో ఉన్నది మొత్తం 15 గంటలు. ఈ అంకె కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకో, 15 గంటల్లో 30 ఇష్యూలు అవ్వవని నీకే అర్థమవుతుంది.

అందుకే ఇష్యూలన్నీ ఒకసారి కూర్చుని చదివి, వాడేవాళ్ల డేటా పోయేవి ఏవో ఏరు. మిగతావన్నీ, ఎంత బావున్నా సరే, కలర్ అవుట్‌పుట్ కావాలి, ఎక్సెల్ ఫైళ్లు కూడా తీసుకోవాలి లాంటివి, ఎగ్జామ్స్ తర్వాత అని లేబుల్ పెట్టెయ్. నీది వరసలు తీసేసే టూల్, అసలు ఫైల్ మీదే రాసేస్తూ మధ్యలో ఆగిపోతే అవతలివాళ్ల ఫైల్ సగమే మిగులుతుంది, అంతకన్నా పెద్ద బగ్ ఉండదు. అదే ఫోల్డర్‌లో టెంపరరీ ఫైల్‌కి పూర్తిగా రాసి, అయ్యాకే పేరు మార్చు, పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్‌లో రీప్లేస్ అని ఫంక్షన్ ఉంది, సరిగ్గా దీనికి పనికొస్తుంది. డ్రై రన్ ఆప్షన్ ఒకటి పెట్టు, ఏమీ మార్చకుండా ఎన్ని వరసలు పోతాయో చూపించేలా.

తర్వాత కామా దగ్గర చీల్చి చదువుతున్నావేమో చూసుకో, మొదటిసారి రాసేవాళ్లు చాలామంది అలాగే చేస్తారు, కానీ సీఎస్‌వీలో కోట్స్ లోపల కామా ఉండొచ్చు, కొత్త లైన్ కూడా ఉండొచ్చు, 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రంలో ఇదంతా రాసి ఉంది. పైథాన్‌తో వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్ ఇవి చూసుకుంటుంది. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో బీఓఎమ్ అని కంటికి కనబడని గుర్తు చేరుతుంది, దాంతో మొదటి కాలమ్ పేరు మ్యాచ్ అవదు, నీ ఇష్యూల్లో "మొదటి కాలమ్ దొరకట్లేదు" అన్నవి ఏవైనా ఉంటే కారణం ఇదే అయ్యుండొచ్చు, యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌తో తెరిస్తే సరిపోతుంది. తేదీల విషయంలో మాత్రం ఊహించకు. 03/04 అంటే ఏప్రిల్ 3నా, మార్చి 4నా అన్నది ఫైల్ చూసి చెప్పలేం, వాడేవాళ్లనే ఆప్షన్‌లో చెప్పమను, చెప్పకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపో. తప్పు తేదీ మౌనంగా రాసేసే టూల్ కన్నా ఆగిపోయే టూల్ వెయ్యి రెట్లు నయం. ఆ ఎర్రర్లు కూడా స్టాండర్డ్ ఎర్రర్‌లోకే (ఎర్రర్ సందేశాలకి వేరే దారి) పంపు, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో డేటా తప్ప ఇంకేమీ రాకూడదు, పని అయితే ఎగ్జిట్ కోడ్ 0, కాకపోతే వేరే అంకె. వీటన్నిటికీ పదేసి లైన్ల శాంపిల్ ఫైళ్లతో టెస్టులు రాసిపెట్టు. 15 గంటలకి ఇంతే పడుతుంది.

లైసెన్స్ ఫైల్ ఉందో లేదో కూడా ఒకసారి చూడు, అది లేకపోతే కోడ్ అందరికీ కనబడుతున్నా చట్టప్రకారం ఎవరూ వాడుకోలేరు. ఎమ్ఐటీ లైసెన్స్ అయితే 5 నిమిషాల పని.

మూడో వారం ఆఖరున నోటీస్ పెట్టు. రీడ్‌మీ పైనే, ఇంకా ఒక ఇష్యూ తెరిచి దాన్ని పిన్ చేసి. పెద్దగా ఏం రాయక్కర్లేదు, "నేను స్టూడెంట్‌ని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా యూనివర్సిటీ ఎగ్జామ్స్, ఈ మధ్యలో జవాబులు ఇవ్వను, ఇప్పటికి నమ్మకంగా వాడుకోగల వర్షన్ 0.6.1, బగ్ కనబడితే శాంపిల్ ఫైల్‌తో ఇష్యూ రాయండి, వచ్చాక అన్నీ చదువుతా" అంటే చాలు. క్షమాపణలు వద్దు, నువ్వు ఉచితంగా ఇస్తున్నావు. ఎవరైనా మరీ సతాయిస్తే గిట్‌హబ్‌లో ఇంటరాక్షన్ లిమిట్స్ అని ఉంది, 24 గంటల నుంచి 6 నెలల దాకా కొత్తవాళ్లు కామెంట్ పెట్టకుండా ఆపొచ్చు. ఫోన్‌లో గిట్‌హబ్ యాప్ ఉంటే తీసెయ్. రోజూ రాత్రి నడిచే షెడ్యూల్డ్ టెస్టులు పెట్టుకున్నావనుకో, రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ వాటిని తనే ఆపేస్తుంది, తిరిగొచ్చాక అది చూసి కంగారు పడకు, మళ్లీ ఆన్ చేస్తే నడుస్తాయి.

అన్నాళ్లు మాట్లాడకపోతే జనం వెళ్లిపోతారేమో అన్న భయం నీకుంటుంది, తెలుసు. డేటా ఏరుకునే జేక్యూ అనే కమాండ్ లైన్ టూల్ వాడే ఉంటావు, 1.6 వచ్చింది 2018 నవంబర్‌లో, 1.7 వచ్చింది 2023 సెప్టెంబర్‌లో, మధ్యలో దాదాపు 5 ఏళ్లు, ఆ కాలమంతా జనం స్క్రిప్టుల్లో దాన్ని వాడుతూనే ఉన్నారు, తర్వాత కొత్త మెయింటైనర్లు వచ్చి ముందుకి తీసుకెళ్లారు. అంత గ్యాప్ మంచిదని నేననను, నీది ఎగ్జామ్స్‌తో కలిపి మహా అయితే 6, 7 వారాలు, దానికి టూల్ చచ్చిపోదు.

ఇప్పుడు ఆ రైట్స్ అడిగే అతని సంగతి, నీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే, ఫైళ్లు కుదించే టూల్‌లో ఏం జరిగిందో చదువు. దాన్ని ఏళ్ల తరబడి ఒక్క మనిషే సొంత సమయంలో చూసుకునేవాడు, అలిసిపోయి ఉన్నాడు, కొన్ని అకౌంట్లు అప్‌డేట్లు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించు అని వెంటపడ్డాయి, ఆ ఇంకొకరు రెండేళ్లకి పైగా మంచి ప్యాచులే పంపి నమ్మకం సంపాదించి రైట్స్ తీసుకుని చివరికి 5.6.0, 5.6.1 వర్షన్లలో బ్యాక్‌డోర్ (లోపలికి దొంగదారి) పెట్టారు. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటి అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వి చూడబట్టి బయటపడింది. నిన్ను అడుగుతున్నతను అలాంటివాడని నేననట్లేదు, నిజంగా మంచివాడే అయ్యుండొచ్చు. కానీ ఒత్తిడిలో ఉన్నప్పుడు, ఎగ్జామ్ భయంలో ఉన్నప్పుడు తాళాలు ఇచ్చే నిర్ణయం తీసుకోకూడదు. పైగా నీ పర్సనల్ అకౌంట్‌లో ఉన్న రిపోకి కొలాబరేటర్‌గా చేర్చావంటే నేరుగా కోడ్ మార్చే హక్కు వెళ్లిపోతుంది, ఇష్యూలు మాత్రమే సర్దే ట్రయాజ్ రోల్ ఆర్గనైజేషన్ కింద ఉన్న రిపోల్లోనే ఉంటుంది. అతనికి మర్యాదగా "థ్యాంక్స్ అన్నా, పుల్ రిక్వెస్టులు పంపుతూ ఉండు, తిరిగొచ్చాక అన్నీ చూస్తా" అని ఒక్కసారి రాసి వదిలెయ్. పుల్ రిక్వెస్ట్ అంటే మార్పు పంపడమే, కలపడం నీ చేతిలోనే, సాయం చెయ్యాలనుకునేవాడికి అది చాలు. ప్యాకేజీ పబ్లిష్ చేసే టోకెన్ ఎవరికీ, ఎప్పటికీ వద్దు. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పైపీఐలో 2024 జనవరి నుంచి టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు) తప్పనిసరి కదా, రికవరీ కోడ్స్ కూడా ఎక్కడైనా భద్రంగా రాసి పెట్టుకో, ఫోన్ పోతే నువ్వే బయట నిలబడాల్సి వస్తుంది.

నాన్నగారి దగ్గర వాదించొద్దు, ఆయన భయానికి కారణం ఉంది, సబ్జెక్ట్ పోయింది నిజం. ఈ 7 వారాల కాగితం ఆయనకి చూపించు, రిపో మూసే తేదీ నీ నోటితో నువ్వే చెప్పు, ఆ తేదీకి మూసెయ్. ఆయన ఇది చదువుతుంటే నాదొక విన్నపం, ఆ 2 వారాలు అబ్బాయిని చెయ్యనివ్వండి సార్, మధ్యలో లాగేస్తే మనసంతా అక్కడే ఉంటుంది, పుస్తకం ముందు కూర్చున్నా చదువు ఎక్కదు.

మూసే రోజు చివరి పనిగా, తర్వాత చెయ్యాల్సినదానికి ఫెయిల్ అయ్యే టెస్ట్ ఒకటి వేరే బ్రాంచ్‌లో (అసలు కోడ్‌కి తగలని కాపీలో) రాసి, పక్కన రెండు లైన్లు తెలుగులోనే రాసుకో, ఎక్కడ ఆగానో, ఎందుకు ఆగానో. చివరి పేపర్ అయిన మర్నాడు నిద్రపో. ఆ తర్వాతి రోజు ఆ టెస్ట్ రన్ చెయ్, వచ్చిన ఇష్యూలు పాతవాటి నుంచి చదువుతూ రా, పిన్ చేసిన నోటీస్ తీసేసి "తిరిగొచ్చాను" అని రాయి. ఆప్షన్ పేర్లూ అవుట్‌పుట్టూ రెండు మూడు నెలలు మార్చాల్సిన అవసరం రాలేదనుకో, అప్పుడు 1.0 గురించి మళ్లీ నాకు రాయి, మాట్లాడుకుందాం.